మిద్దె మీది పన్ను

అప్పట్లో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వస్తుంటే, బస్సులో నా పక్కన ఒకావిడ ఎనిమిదేళ్ల కూతురితో కూర్చుంది. పిల్లకు ముందరి పాలపళ్లు ఊడి రెండేళ్లయినా కొత్తవి రాలేదట.

"పేడలో పెట్టి మిద్దె మీదికి ఇసిరినాం కదక్కా. వానకు ఆ మన్నుమిద్దె కూలిపాయ. మన్నంతా జల్లిస్తే ఇదొక్కటే దొరికె," అంటూ కొంగుముడి విప్పి పాలపన్ను చూపించింది. "మళ్లా ఇసురుదామంటే మాకు మిద్దె యాడుండాది?"

పిల్ల నోరు తెరిపించి, నా వేలు పట్టుకుని చిగుళ్ల మీద పెట్టింది. "ఏమన్నా తగుల్తాందా?"

మెత్తగా ఉంది, అంతే.

"మీకు మిద్దె ఉండాదా అక్కా?"

తలూపాను. పన్ను నా చేతిలో పెట్టి దిగిపోయింది.

ఇంటికి రాగానే పేడలో పెట్టి విసిరాను. ఆ పిల్లకు పళ్లు వచ్చాయో లేదో తెలియదు. ఏటా మిద్దెకు కొత్త మన్ను పరిపించేటప్పుడు, ఆ మూల మాత్రం ఊడ్వనివ్వను.