షౌకత్ భాయ్ గాలి

బోధన్‌లో రుద్రూర్ రోడ్డు మీద షౌకత్ భాయ్‌కి పంక్చర్ షాపు ఉండేది. సైకిలుకు గాలి కొట్టాలన్నా, ట్రాక్టరు ట్యూబుకు అతుకు వేయాలన్నా ఆయన దగ్గరికే. పని కన్నా మాట ఎక్కువ. ఒక ట్యూబు అతికేలోపు ఊళ్లో ఒక పెళ్లి సంబంధం కుదిర్చి, ఇంకొకటి చెడగొట్టేవాడు. ఒంటికి అత్తరు పూసుకోనిదే షాపు తలుపు తీసేవాడు కాదు.

అవి తొంభైల నాటి రోజులు. చెరకు తోటల్లోని లోతు బావుల్లో మోటార్లు ఊడిపడితే పైకి తెచ్చేవాడు లింబాద్రి. ఈతలో చేపకు అన్న. మొదట్లో ఊపిరి బిగబట్టి మునిగేవాడు. నీళ్లు లోతైన చోట అది చాలక షౌకత్ భాయ్‌తో జత కట్టాడు. భాయ్ డీజిల్ ఇంజనుతో నడిచే తన కంప్రెసర్‌ను బావి గడ్డకు చేర్చేవాడు. దాని పైపు కొస లింబాద్రి నోట్లో, తాడు నడుముకు. ఒకసారి గుంజితే తాడు ఇంకొంచెం వదలాలి, రెండుసార్లు గుంజితే పైకి లాగాలి. ఇద్దరూ పెట్టుకున్న కట్టుబాటు ఇంతే. ఇదే చాలనుకున్నారు.

లింబాద్రికి ఒకటే ఫిర్యాదు.

"భాయ్, నీ గాలి రబ్బరు కంపు గొడ్తున్నది. కడుపుల తిప్పుతున్నది."

"గంతేనా? రేపు సూడు, నవాబులు పీల్సే గాలి ఇస్త."

మరునాడు కంప్రెసర్ గాలి పీల్చుకునే మూతి దగ్గర దూది ఉండ కట్టి, దాని మీద ధారాళంగా అత్తరు పోశాడు. లింబాద్రి పైపు నోట్లో పెట్టుకుని చూసి, "పెండ్లికి పోతున్నట్టున్నది" అని నవ్వుతూ దిగాడు. ప్రేమతో చేసిన పనే, కాదనను. ప్రేమకు కాస్త బుద్ధి కూడా తోడుంటే ఆ మనిషికి ఏం పోయేదో.

ఇంతలో గాలి మళ్లింది. ఇంజను పొగ తిన్నగా ఆ మూతిలోకే పోసాగింది. మామూలు రోజైతే డీజిల్ వాసన తగలగానే లింబాద్రి తాడు గుంజేవాడు. ఆరోజు అత్తరు దాన్ని కప్పేసింది. పైన షౌకత్ భాయ్ తోట ఆసామి హన్మాండ్లుకు ఏదో కథ చెబుతూ, మధ్యలో అలవాటుగా తాడు కదిపి చూశాడు. ఎప్పుడూ కింది నుంచి కూడా తాడు కదిలేది, ఈసారి కదల్లేదు. మళ్లీ కదిపాడు, లేదు. ఇద్దరూ కలిసి లాగితే లింబాద్రి కళ్లు తేలేసి వచ్చాడు.

నిజామాబాద్ ఆసుపత్రిలో మూడో రోజుకు గానీ మనిషి కాలేదు. పొగ పీల్చాడని, నీళ్ల అడుగున ఆ పొగ ఇంకా గట్టిగా పట్టుకుంటుందని, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

లింబాద్రికి వేరే పని రాదు. ఇంటికి రాగానే మళ్లీ దిగుతానన్నాడు. షౌకత్ భాయ్ లింబాద్రి ఇంటికి వెళ్లేసరికి అతని భార్య గోదావరి అరుగు మీద బీడీ ఆకు కత్తిరిస్తోంది. తల ఎత్తలేదు.

"తప్పు నాదే చెల్లె."

"నీదేనని నాకెర్కే అన్నా. మల్ల దిగుతనంటున్నడు. గిప్పుడేం జేస్తవ్, గది సెప్పు."

"ఇంజను ఓ దిక్కు, గాలి గుంజే పైపు ఇంకో దిక్కు ఎత్తుల కడ్త. గాల్ల ఏ వాసన కలపను. ముందుగాల నేను మంచిసేపు పీలుస్త. నాకు తల తిరగకుంటేనే ఆయనకిస్త."

మరుసటి బావి రుద్రూర్ దగ్గర దొరికింది. ఆ రోజు గోదావరి బీడీల చాట పక్కన పెట్టి తానూ వెంట వెళ్లింది.

షౌకత్ భాయ్ గడ్డ మీద కూర్చుని పైపు నోట్లో పెట్టుకున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం బోధన్ తాలూకాలో ఎవరూ చూసి ఎరుగరు. ఆ బావి ఆసామికి నవ్వొచ్చింది గానీ గోదావరి ముఖం చూసి ఆపుకున్నాడు. చివరికి భాయ్ పైపు తీసి లింబాద్రికి అందించబోయాడు. గోదావరి చెయ్యి అడ్డం వచ్చింది.

"ఆగు."

పైపు తానే తీసుకుంది. వాళ్లింట్లో తోడికోడలి ఎంగిలి గ్లాసు కూడా కడగనిదే ముట్టదు. అలాంటిది కొంగుతోనైనా తుడవకుండా ఆ కొసను నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని పీల్చసాగింది. ఆ చెడ్డ రోజున కూడా ఏడవని షౌకత్ భాయ్ అప్పుడు ఏడ్చాడు.

ఆమె చాలాసేపటికి పైపు తీసి భర్తకిచ్చింది.

"మంచిగనే ఉన్నది. పో."

లింబాద్రి దిగాడు. ఆమె షౌకత్ భాయ్ వెనక నిలబడి, "తాడు ఇద్దరం పట్టుకుందం అన్నా" అంది.