ఉయెనో నుంచి అసకుసా దాకా, తెల్లకర్రతో

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. ఆ మాట దాచాల్సిన పని నాకేమీ లేదు. ఆక్లండ్‌లో మేముండే మౌంట్ ఆల్బర్ట్ చుట్టుపక్కల నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి ఏప్రిల్‌లో జపాన్ వెళ్ళాలనుకున్నాం. ప్లాను వేసుకోవడానికి అందరూ మా ఇంట్లోనే కూర్చున్నారు. టూరు బాధ్యత నెత్తినేసుకున్న మూర్తి అంకుల్, నేను పెట్టిన టీ తాగుతూ, "నువ్వేం వర్రీ అవ్వకమ్మా సుజాతా. నడవాల్సిన చోటల్లా నువ్వు బస్సులో కూర్చో. మేం వీడియోలు తీసి, వచ్చి అన్నీ చెప్తాంగా" అన్నారు. ఆయన మంచివారే. ప్రేమగానే అన్నారు. ఒళ్ళు మండింది ఆ ప్రేమకే.

నాకు నలభై ఆరేళ్ళు. చిన్నప్పుడు రేచీకటితో మొదలైన కళ్ళ జబ్బు పక్కచూపంతా తినేసి, ఇప్పుడు స్ట్రా గొట్టంలోంచి చూస్తే ఎంత కనపడుతుందో అంత మిగిల్చింది. రెండేళ్ళుగా తెల్లకర్ర పట్టుకుంటున్నాను. సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని, రోజూ ఒంటరిగా ట్రైన్‌లో వెళ్ళొస్తాను. ఫిబ్రవరిలో స్టేషన్ మెట్ల మీద పడ్డప్పటి నుంచి మా ఆయన రవి, ఇక పూర్తిగా ఇంటి నుంచే పని చెయ్యమని పోరుతున్నారు. అందరూ బస్సులో ఫూజీ కొండకి వెళ్ళే రోజున నేను లోకల్ గైడ్‌తో టోక్యోలో నడుస్తానని చెప్పగానే ఆయన బేరం పెట్టారు.

"సరే, వెళ్ళు. కానీ ఒక్క దెబ్బ తగిలినా ఆ ట్రైన్ మానేసి వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకోవాలి. ఓకేనా?"

"ఓకే" అన్నాను. కోపంలో ఉన్న మనిషి దేనికైనా ఒప్పుకుంటుంది.

ఆక్లండ్ నుంచి టోక్యోకి నేరుగా వెళ్ళే విమానంలో సుమారు పదకొండు గంటలు. నరిటా ఎయిర్‌పోర్ట్ నుంచి ఉయెనో స్టేషన్‌కి ఎక్స్‌ప్రెస్ రైలు ముప్పావు గంటలో దింపుతుంది, టికెట్టు రెండున్నర వేల యెన్ల చిల్లర. హోటల్ ఉయెనోలోనే తీసుకోండి, నడకకి అంతకన్నా అనువైన చోటు లేదు. గైడ్ కోసం మాత్రం నాకు మూడు మెయిళ్ళు పట్టాయి. కర్రతో నడుస్తానని రాయగానే ఇద్దరు మర్యాదగా తప్పుకున్నారు. మూడో ఆవిడ హిరోకో గారు, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చాలాకాలం పెద్ద బట్టల దుకాణంలో పనిచేసి రిటైరయ్యారు. "రండి, నడుద్దాం" అని ఒకే ముక్క రాశారు. ఐదు గంటలకి పద్దెనిమిది వేల యెన్లు, మన న్యూజిలాండ్ డాలర్లలో రెండు వందల చుట్టుపక్కల.

ఉదయం తొమ్మిదిన్నరకి స్టేషన్ టికెట్ గేటు దగ్గర కలిశాం. గేటు ఎక్కడుందో తెలియడానికి అక్కడ గంట లాంటి శబ్దం ఆగి ఆగి మోగుతుంటుంది, దాన్ని పట్టుకుని నేనే వెళ్ళాను. హిరోకో గారు నమస్కారం అయ్యీ అవకముందే నా మణికట్టు పట్టుకుని లాక్కుపోవడం మొదలుపెట్టారు. ఇరవై అడుగులు ఓర్చుకున్నాను. తర్వాత ఆగి, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.

"నన్ను లాగొద్దండీ. కావాలంటే మీ మోచెయ్యి నేను పట్టుకుంటాను. లేదంటే నేను ముందు నడుస్తాను, మీరు వెనక నుంచి చుట్టూ ఏముందో చెప్పండి."

"ప్రమాదం కదా" అన్నారు ఆవిడ కంగారుగా.

"ప్రమాదమే. నడుద్దాం" అన్నాను.

టోక్యో పేవ్‌మెంట్ల మీద పసుపు పలకలుంటాయి. నిలువు గీతలు కాలికి తగిలితే సాగిపో అని, చుక్కలు తగిలితే ఆగు, ఏదో మారుతోంది అని. ఆక్లండ్‌లో మా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, సిగ్నళ్ళ దగ్గర ఇలాంటివి ఉన్నాయి గానీ నాలుగడుగులకే అయిపోతాయి. ఇక్కడ పెద్ద రోడ్లన్నిటి వెంటా వీధులకు వీధులు సాగుతాయి. కొన్ని సిగ్నళ్ళ దగ్గర, దాటే సమయం వచ్చిందని స్పీకర్లో పక్షి కూస్తుంది. ఒక దిక్కుకి కోయిల లాంటి కూత, దానికి అడ్డంగా ఉన్న రోడ్డుకి పిట్టపిల్ల కిచకిచ. రెండు కూడళ్ళు దాటేసరికి కూతను బట్టి ఏ వైపు వెళ్తున్నానో తెలిసిపోయింది. ఇంత హాయిగా నేను ఏ ఊళ్ళోనూ నడవలేదు. గట్టిగా నవ్వాను కూడా.

ఉయెనో నుంచి తూర్పుగా అసకుసా వైపు వెళ్ళే పెద్ద రోడ్డు మీద ఇళ్ళలో పెట్టుకునే పూజామందిరాల దుకాణాలు వరసగా ఉంటాయి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా గంధం వాసన బయటికొస్తుంది. హిరోకో గారు వెనక నుంచి ఒక్కో దుకాణం గురించి చెబుతున్నారు, నల్ల లక్క పూసిన తలుపులని, లోపల బంగారు రేకులని. ఆవిడ కళ్ళు మందిరాల మీద ఉన్నాయి. నేను ఆవిడ మాటల్లో ఉన్నాను. కర్ర మెత్తగా దేంట్లోకో దూరింది.

పసుపు పలకల మీద అడ్డంగా నిలబెట్టిన సైకిల్ చక్రం అది. కర్ర ఆ చక్రం పుల్లల మధ్య ఇరుక్కుంది, నేను సైకిల్ మీద బోర్లా పడ్డాను. దాని పక్కనున్న మరో రెండు సైకిళ్ళు దభీమని నా వెనకే కూలాయి. జీన్స్ మోకాలి దగ్గర చిరిగింది, అరచెయ్యి గీరుకుపోయింది. లేచి కూర్చునేసరికి హిరోకో గారు ఆగకుండా క్షమాపణలు చెబుతున్నారు, దుకాణంలోంచి పరిగెత్తుకొచ్చిన, ఆ సైకిల్ తాలూకు పెద్దాయన కూడా. ఇద్దరి మధ్యా కూర్చుని నేను నా మాట్లాడే వాచీ గుండీ నొక్కాను. పదకొండు అని చెప్పింది.

"టాక్సీ పిలుస్తాను. హాస్పిటల్‌కి వెళ్దాం. టూరు ఆపేద్దాం, డబ్బులు వద్దు" అన్నారు హిరోకో గారు. "బుకింగ్ ఫారంలో మీ భర్త నంబరు ఉంది, చెప్పాలి కదా."

అప్పుడు గుర్తొచ్చింది ఆ బేరం. నిజం చెబుతున్నాను, మోకాలికన్నా అదే ఎక్కువ మండింది. మొదట దాచేద్దామనిపించింది. హోటల్‌కి పోయి ఈ జీన్స్ కుక్కేసి, వేరేది వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ట్రైన్ నాదే, ఉద్యోగం నాదే, ఉదయం ఒక్కదాన్నే ఇల్లు దాటే ఆ ఇరవై నిమిషాలూ నావే. ఒక అబద్ధంతో అన్నీ మిగులుతాయి. చాలాసేపు ఆ ఆలోచన వదల్లేదు.

"ఫోన్ వద్దు. నేనే చెప్పుకుంటాను. మందుల షాపు ఎక్కడ?" అన్నాను.

షాపు వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నెత్తుటి మోకాలితో ఆ ఇరవై నిమిషాలూ నడిచాను. గాయం కడిగి ప్లాస్టర్ వేశాక హిరోకో గారు నాకన్నా ముందు నడవడం మొదలుపెట్టారు. ఎందుకో ముందు అర్థం కాలేదు. సైకిళ్ళు ఈడ్చిన చప్పుడు వినపడింది. పలకల మీద ఉన్నవి ఒక్కొక్కటే పక్కకి పెడుతున్నారు.

"రోజూ నా ముందు మీరు ఉండరు కదండీ" అన్నాను.

"ఇవాళ ఉన్నాను" అన్నారు ఆవిడ ఎగశ్వాసతో. "ఇరవై ఏళ్ళుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నాను. ఈ పలకల మీద ఇన్ని సైకిళ్ళున్నాయని ఇవాళే చూశాను."

ఆవిడ వెనకే కర్ర సాగించాను.

అక్కడి నుంచి కప్పాబషి వీధికి వెళ్ళాం. వంటసామాన్ల దుకాణాలన్నీ ఇక్కడే. హోటళ్ళ అద్దాల్లో పెట్టే ప్లాస్టిక్ తిండి అమ్మే షాపులో, ముట్టుకోవచ్చా అని హిరోకో గారు అడిగి పెట్టారు. గిన్నెలోంచి లేచిన నూడుల్స్, పొరలు పొరలుగా వేగిన వంకాయ ముక్క, చివర్లు కొద్దిగా మాడిన ఆమ్లెట్, అన్నీ వేళ్ళతో చూశాను. మీరు వెళ్తే తప్పకుండా అడిగి చూడండి, చూపున్నా సరే. మధ్యాహ్నం శాకాహారం దొరకడం కష్టం, సూప్‌లలో చేపల రసం ఉంటుంది. పక్కనే ఒక చిన్న తిండి షాపులో, ఊరబెట్టిన రేగుపండంత పుల్లటి కాయ లోపల పెట్టిన అన్నం ముద్దలు రెండు కొనుక్కుని ఆ షాపులోనే కూర్చుని తిన్నాం. రెండూ కలిపి నాలుగు వందల యెన్ల లోపే. చింతకాయ తొక్కు తిన్న నాలుక మనది, ఆ పులుపు నచ్చుతుంది.

అప్పుడే రవి దగ్గర నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "కొండ కనపళ్ళేదు, అంతా మబ్బే. బస్సులోనే ఉన్నాం." అర్థం చెప్పగానే హిరోకో గారు నవ్వాపుకోలేకపోయారు. చివరి నడక అసకుసా గుడి దాకా. జనం కిక్కిరిసి, పలకలు కనపడక, అక్కడ మాత్రం నేనే అడిగి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను. రెండున్నరకి నడక ముగిసింది. మొత్తం మూడు కిలోమీటర్ల దారి, ఆగకుండా నడిచేవాళ్ళకి గంట లోపే.

సాయంత్రం రవి గదిలోకి వచ్చి బూట్లు విప్పేలోపే మోకాలు చూపించాను.

"సైకిల్ మీద పడ్డాను. పదకొండింటికి. ఆ తర్వాత మూడున్నర గంటలు నడిచాను."

ఆయన మంచం మీద కూర్చున్నారు. "మనం ఏమనుకున్నాం సుజాతా? నువ్వే ఓకే అన్నావు."

"అన్నాను. అనకూడదు. వెనక్కి తీసుకుంటున్నా. పోయినేడు మీరు ఇంటి వెనక చెక్క డెక్ మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. ఇంట్లో కూర్చోమని మిమ్మల్ని ఎవరైనా అన్నారా?"

"నాకు భయమేస్తుంది" అన్నారు.

"నాకూ వేస్తుంది. కానీ మీ భయానికి నేను ఇంట్లో కూర్చోను. సోమవారం ఏడూ నలభై ట్రైన్ ఎక్కుతున్నా."

ఆయన సరే అనలేదు. బాత్రూంలోకి వెళ్ళి తువ్వాలు తడిపి తెచ్చి, ప్లాస్టర్ చుట్టూ ఎండిన నెత్తురు తుడిచారు. తుడవనిచ్చాను.

తిరిగొచ్చి మూడు వారాలైంది. రోజూ ట్రైన్ ఎక్కుతున్నాను. ఇంటి దగ్గర ఆ మాట మళ్ళీ రాలేదు, వస్తే మళ్ళీ ఇదే జవాబు చెబుతాను. కళ్ళున్నవాళ్ళు పడితే అది దెబ్బ. మేం పడితే మాత్రం, బయటికి రాకూడదన్న దానికి సాక్ష్యం. ఆ లెక్క నేను ఒప్పుకోను. చూపు తగ్గుతున్నవాళ్ళు ఇది వింటుంటే, మీ వాళ్ళకి కూడా వినిపించండి. టోక్యోలో పడ్డాను, అదే రోజు మూడు కిలోమీటర్లూ పూర్తి చేశాను. రెండూ నావే.

ఒక్క సలహా. బ్యాగు బయటి జేబులో, తడిమితే తగిలేచోట, నాలుగు ప్లాస్టర్లు పెట్టుకోండి. పడతారు. అంటించుకుని మిగతా దారి నడవండి.