పేరు చెప్పని ప్రార్థన

ఎనిమిదేళ్ల కిందట నేను చేసిన ఒక ప్రార్థన ఇప్పటికీ నా గుండెల మీద కూర్చుని ఉంది. ప్రార్థన బరువేమిటని మీరనుకోవచ్చు. మీకు నా పేరు తెలియదు, ముఖం తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

భవానీపురంలో మా చర్చి ఆడవాళ్లం ప్రతి శుక్రవారం ఎవరో ఒకరింట్లో ఉపవాస ప్రార్థనకు కూడుకుంటాం. కరుణ కూడా వాళ్ల అత్తగారితో కలిసి వచ్చేది. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో పని చేసేది. ఆమె ప్రార్థన చేస్తే అందరూ కళ్లు తుడుచుకునేవాళ్లు. నేను చేస్తే గడియారం చూసుకునేవాళ్లు. ఇది ముందే చెప్పేయడం మంచిది.

ఒక సోమవారం ఆమె మా వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడింది. షాపులో ఒకతను రోజూ తనను బండి మీద బెంజ్ సర్కిల్ దాకా దింపుతున్నాడని చెప్పింది. సాయంత్రం ఐదయ్యేసరికి మనసు అటే పోతోందట.

"ఏమీ జరగలేదక్కా. జరక్కుండా ఉండాలనే అడుగుతున్నా. నాకోసం ప్రార్థన చెయ్యండి. ఇంకెవరికీ చెప్పుకోలేను."

"నా కడుపులోనే ఉంటుంది, నువ్వెళ్లు," అన్నాను.

నాలుగు రోజులు నిజంగానే ప్రార్థించాను. ఆమెను ఆ శోధనలో, ఆ ప్రలోభంలో పడనివ్వవద్దని మోకాళ్లు నొప్పి పుట్టేదాకా అడిగాను. నాకూ ఒక శోధన ఉందని, అది నా నాలుక చివరే కూర్చుని ఉందని ఒక్కసారైనా తోచిందా? తోచింది. అయినా దాని గురించి దేవుణ్ణి అడగలేదు. అడిగితే తీసేస్తాడని భయమేమో.

శుక్రవారం మధ్యాహ్నం నా వంతు వచ్చింది. ఎప్పటిలాగే పేలవంగా మొదలుపెట్టాను. ఎవరో ఆవలించారు. అప్పుడు గొంతు పెంచాను.

"ఆటోనగర్‌లో పని చేసే నీ బిడ్డను ఆ పరాయివాడి బండి మీద నుంచి దింపు తండ్రీ."

పేరు చెప్పలేదు. ఇన్నేళ్లూ ఆ ఒక్క సాకు పట్టుకునే బతికాను. మాలో ఆటోనగర్ వెళ్లేది ఆమె ఒక్కతే.

మాట మాటకూ 'స్తోత్రం' అనే గది మూగబోయింది. కళ్లు తెరిచాను. అందరివీ మూసే ఉన్నాయి, ఇద్దరివి తప్ప. కరుణ నన్ను చూస్తోంది. ఆమె అత్తగారు కరుణను చూస్తోంది. అక్కడైనా ఆపవచ్చు కదా? ఆపలేదు. మొదటిసారి అందరూ నా ప్రార్థన వింటున్నారు. ఇంకో రెండు మాటలు కలిపి మరీ ముగించాను. అత్తగారు అందరికంటే గట్టిగా 'ఆమెన్' అంది.

మరుసటి వారమే కరుణను ఉద్యోగం మాన్పించారు. నెల తిరక్కుండా గుడివాడ అవతల పుట్టింటికి పంపేశారు. నాలుగేళ్ల పాపను మాత్రం ఇక్కడే ఉంచుకున్నారు. ఏమీ జరగలేదని ఆమె ఎంతమందికి చెప్పుకుందో. అది నిజమని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నన్నెవరూ అడగలేదు. నేనూ వెళ్లి చెప్పలేదు.

ఆ అత్తగారు ఇప్పటికీ నా పక్కనే కూర్చుంటుంది. నా ప్రార్థన వల్లే వాళ్లింటి పరువు నిలిచిందని అందరికీ చెబుతుంది. విన్నప్పుడల్లా నవ్వుతాను.

ఇవాళ ప్రార్థన అయ్యాక, కొత్తగా చేరిన ఒకమ్మాయి మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుంది. ఒక విషయం చెప్పుకోవాలట, రేపు పదకొండింటికి ఇంటికి వస్తుందట. రమ్మన్నాను. అప్పటినుంచీ ఆ విషయం ఏమై ఉంటుందా అని ఒకటే ఆత్రం. అదే ఆత్రం. ఎనిమిదేళ్లలో అది ఎక్కడికీ పోలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. పేరు చెప్పకుండా, పేరు తెలిసేలా చెప్పాను. తెలిసే చెప్పాను. ఈ మాట దేవుడితో కూడా ఇంత సూటిగా ఎప్పుడూ అనలేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. చెప్పేశాక కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.

రేపు ఆ అమ్మాయి నోరు విప్పకముందే ఇదంతా ఆమెకు చెప్పాలి. చెబుతానో లేదో తెలియదు. ఈ కాగితం మడిచిపెట్టి మోకరిస్తాను. ఈసారి నాకోసం.