సన్యాసిరావు మాస్టారి కేసు కట్ట

నిన్న మధ్యాహ్నం క్లెమెంటి గ్రంథాలయం గుమ్మం దగ్గర నిలబడి తడి గొడుగుకు ప్లాస్టిక్ తొడుగు వేస్తున్నాను. బయట వాన, లోపల ఎముకలు కొరికే ఏసీ, కార్పెట్టులోంచి తడి బూట్ల వాసన. జేబులో ఫోను మోగింది. మా ప్లాంటులో కొత్తగా చేరిన మా జిల్లా మనిషి ఒకతను ఒక బొమ్మ పంపి, "అన్నా, ఈ మాస్టారు మీకు తెలుసా? పిల్లల్ని ఈయన దగ్గరికి పంపకూడదంట కదా" అని అడిగాడు. బొమ్మలో కోర్టు వెబ్‌సైటు పేజీ ఉంది. అందులో ఒక పేరు చుట్టూ వేలితో గీసిన వంకర ఎర్ర సున్నా ఉంది. ఆ వేలు నాది. నాలుగేళ్ళ కిందట గీశాను.

అందుకే ఇది రాయాల్సి వచ్చింది. నేను గీసిన సున్నా ఇంకా ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. దాని వెంటపడి వెనక్కి తెచ్చే దారి లేదు. నిజం మాత్రం ఎక్కడికీ తిరగకుండా మా జిల్లాలో ఒక చిన్న కోర్టు రికార్డు గదిలో, గుడ్డ చుట్టిన కట్టలో పడి ఉంది. సన్యాసిరావు మాస్టారిని ఎన్నడూ చూడనివాళ్ళు ఆయన్ని ఆ సున్నాలోనే చూస్తున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామని చాలాకాలం ఆగాను. చల్లారలేదు.

ఆయన మాకు ఈ పరాయి దేశంలో, చమురు ప్లాంట్లుండే జురాంగ్ ఐలాండ్‌లో సేఫ్టీ సూపర్‌వైజరు. నేను పదో తరగతి తప్పి, పైపులు బిగించే పనికి వచ్చినవాణ్ణి. ఇద్దరం క్రాంజీలో, వలస పనివాళ్ళను ఉంచే ఒకే డార్మిటరీలో ఉండేవాళ్ళం. ఊళ్ళో ఉండగా ఆయన బడిలో విద్యా వాలంటీరు, అందుకే అందరూ మాస్టారనే పిలిచేవారు. నేను వచ్చిన మొదటి నెలలో ఒక పైపు లైను విప్పే పని పడింది. వాల్వు మూసేశామని పై నుంచి ఒకతను కేకేశాడు. నేను స్పానర్ పట్టుకోగానే మాస్టారు నా చేయి పట్టుకున్నారు.

"ఎవుడు సెప్పినాడు మూసినారని?"

"ఆయనే సార్, పైనున్నాయన."

"నీకు సెవులు బానే ఉన్నాయి. కళ్ళు ఊర్లో ఒగ్గీసొచ్చినావేటి? ఎక్కి సూసిరా."

మూడు మెట్ల వరసలు తిట్టుకుంటూ ఎక్కాను. వాల్వు పావు వంతు తెరిచే ఉంది. దిగి వచ్చాక ఆయన నన్ను మెచ్చుకోలేదు, పైవాడిని తిట్టలేదు. పని మొదలుపెట్టే ముందు సంతకాలు చేసే పర్మిట్ కాగితం నా చేతిలో పెట్టి, ఆఖరి సంతకం దాకా పైకి చదవమన్నారు. నాకు ఇంగ్లీషు రాదన్నాను. "రాకపోతే నేర్సుకో. నీ మీద మంట లెగిసినప్పుడు అది నీకు తెలుగులో సెప్పదు" అన్నారు.

ఆ వారమే, ఆదివారం, నన్ను బస్సెక్కించి గ్రంథాలయానికి తీసుకెళ్ళారు. చిన్నపిల్లల అరలో బొమ్మల పుస్తకం ముందు కూర్చోబెట్టారు. పక్కన ఆరేళ్ళ పిల్ల నన్ను చూసి నవ్వితే సిగ్గుతో చచ్చాను. మూడేళ్ళలో ఆ అర నుంచి ఒక్కో అరా దాటి, యంత్రాల పుస్తకాలు, చరిత్ర, చట్టం గురించిన పుస్తకాల దాకా వచ్చాను. ఎవరూ పాఠం చెప్పలేదు, పరీక్ష పెట్టలేదు. చదివాను, అంతే. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాచుకోను. కానీ ఆ గర్వమే ఆయన్ని ముంచింది.

మాస్టారు ఆదివారాలు క్లెమెంటిలో మన తెలుగువాళ్ళ పిల్లలకు తెలుగు నేర్పేవారు. ఒక ఇంటివారి హాల్లో పన్నెండు మంది పిల్లలు, ఒక తెల్ల బోర్డు. "మాస్టర్ అంకుల్, ఒత్తులు సో డిఫికల్ట్ లా. కెన్ స్కిప్?" అని ఒక పిల్ల ఇక్కడి యాస ఇంగ్లీషులో అడిగితే, "స్కిప్ సేస్తే అమ్మ కాస్తా అమ అయిపోద్ది. మీయమ్మ ఊరుకుంటాదా? అడుగు" అనేవారు. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. నేను బోర్డు మోసుకెళ్ళి, అయ్యేదాకా గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నిలబడి ఉండేవాణ్ణి. ఆ ఇంట్లో నన్ను ఎవరూ కూర్చోమనలేదు. అది అప్పట్లో నాకు తప్పుగా తోచలేదు.

ఒక ఆదివారం మాస్టారు ముందే వెళ్ళిపోయారు. తల్లిదండ్రులు కొందరు మిగిలారు. బ్యాంకులో పనిచేసే ఒకాయన, పిల్లల తండ్రి, మెల్లిగా అన్నాడు: "ఈయన డార్మిటరీ మనిషట కదా. ఇండియాలో బ్యాక్‌గ్రౌండ్ ఏంటో ఎవరికైనా తెలుసా? ఆడపిల్లలు కూడా వస్తున్నారు." ఆ గదిలో ఒకరి గురించి ఒకరికి ఏం తెలుసని ఆయన అడగలేదు. డార్మిటరీ మనిషి గురించే అడిగాడు. నేనూ డార్మిటరీ మనిషినే. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "కోర్టు కేసుల వివరాలు అందరికీ కనిపించేలా పెడతారండి. నేను చూడగలను."

"మీకు తెలుసా అది ఎలా చూడాలో?" అన్నాడాయన. ఆ ఇంటావిడ నాకు కుర్చీ చూపించింది. కాఫీ ఇచ్చింది. కూర్చున్నాను.

రెండు రోజులు వెతికాను. రాష్ట్రం, జిల్లా, మా ఇద్దరి మండలానికి చెందిన కోర్టు, పేరు. ఏడాది కూడా చెప్పాలి. అది తెలియదు గనక ఒక్కో ఏడాదీ వేసుకుంటూ వెనక్కి వెళ్ళాను. దొరికింది. నిందితుల్లో రెండో పేరు ఆయనదే, తండ్రి పేరు, ఊరి పేరుతో సహా. ఇంట్లో చొరబడి ఒక ఆడమనిషి మీద చెయ్యి చేసుకున్నాడని సెక్షన్లు. అడుగున ఒకే మాట ఉంది, కేసు ముగిసిందని. ఎలా ముగిసిందో లేదు. ఆ వరుస ఫోను తెరలో పట్టలేదు. కత్తిరించేశాను. పేరు చుట్టూ సున్నా గీసి, క్లాసు పిల్లల తల్లిదండ్రులుండే ఫోను గ్రూపులో పెట్టాను.

మా వైపు ఎవరైనా ఫిర్యాదు ఇస్తే, పొద్దు వాలేలోపు అవతలివాళ్ళు కౌంటర్ కేసు పెట్టిస్తారు. మా ఊళ్ళో ఈ సంగతి మేకలు కాసేవాడికి కూడా తెలుసు. మా మేనమామ మీదే అలాంటివి రెండున్నాయి. ఆ గ్రూపులో సగం మంది మా జిల్లాల వాళ్ళే, వాళ్ళ ఇళ్ళలోనూ ఉంటాయి. అయినా ఒక్కరికీ గుర్తు రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో, సర్కారు ముద్రతో కనిపించేసరికి పుట్టి పెరిగిన ఊరి తెలివి అంతా గంగలో కలిసింది. నలభైమందిలో ఒక్కరే ఏదో అడిగారు. మలేషియాలో పుట్టి పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చిన పార్వతి ఆంటీ. గొంతు రికార్డు చేసి పెట్టారు: "అప్పలరాజు, ఇది పూరా చదివినావా పా? తలకాయి ఒకటే కనబడతా ఉంది, ఒళ్ళు ఏది?" ఆమె తెలుగు విని ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. మిగతావాళ్ళు నాకు బొటనవేళ్ళు చూపించారు.

క్లాసు ఆగిపోయింది. డార్మిటరీ వంటగదిలో మాస్టారు గంజి వారుస్తూ నన్ను చూడకుండానే అడిగారు.

"ఎన్ని పేజీలు సదివినావురా?"

"కనిపించింది చదివాను, మాస్టారూ."

"ఓహో" అన్నారు. అంతే. ఆ ఏడాది ఒప్పందం అయిపోగానే పొడిగించుకోకుండా ఊరికి వెళ్ళిపోయారు. నాలుగు నెలలు ఒకే గదిలో ఉన్నాం, నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

మరుసటేడు నా పాస్‌పోర్టు కొత్తది చేయించుకోవాల్సి వచ్చింది. నా మీద కేసులేమైనా నడుస్తున్నాయా అని అడిగే గడి దగ్గర నా పెన్ను ఆగింది. అంత కేసు ఉన్న మనిషికి పాస్‌పోర్టు ఎలా వచ్చింది మరి? చట్టం పుస్తకాలు చదివానని విర్రవీగిన నాకు ఏడాది పట్టింది ఆ ప్రశ్న రావడానికి. సెలవు పెట్టి ఊరెళ్ళాను.

కోర్టులో గౌరి అనే జూనియర్ లాయరు దొరికారు. కేసుతో సంబంధం లేనివాడు నకలు అడిగితే ఎందుకో ప్రమాణం చేసి రాయాలన్నారు. నేను చెప్పింది రాసుకుంటూ ఆగిపోయారు. "'ఈ కేసు గురించి నేను పదిమందికీ తప్పుగా చెప్పాను, దిద్దుకోవాలి' అనా? ఇలా రాస్తే జడ్జిగారు నవ్వుతారండి."

"నవ్వనివ్వండి. అదే కారణం."

రికార్డు గది సూరయ్య గారు మొదటిరోజు దొరకలేదన్నారు, రెండో రోజు నిచ్చెనెక్కి, తుమ్ముతూ కట్ట దించారు. "పక్క నంబరు కూడా తెచ్చినాను, రెండూ కవలపిల్లలు బాబూ" అన్నారు. పక్క నంబరు మాస్టారు పెట్టిన ఫిర్యాదు. బడిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు ఎవరింటికి పోతున్నాయో పేరు పెట్టి రాశారు. అదే సాయంత్రం, వంట చేసే చిట్టెమ్మ పేరుతో ఆయన మీద, ఆయన తమ్ముడి మీద కేసు. ఆ ఫిర్యాదు కింద ఆమె వేలిముద్ర ఉంది. రెండేళ్ళ తర్వాత ఆమె కోర్టులో చెప్పింది కూడా కట్టలో ఉంది: మాస్టారు నన్నేమీ అనలేదు, మా ఇంటికి రాలేదు, కాగితంలో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు, వేలెయ్యమన్నారు వేశాను. దాని కింద వేలిముద్ర లేదు. గుండ్రంగా, పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం ఉంది. ఆఖరి పేజీలో కేసు కొట్టేశారు, నిందితులు ఏ తప్పూ చేసినట్టు రుజువు లేదన్నారు. అప్పటికే ఆయన వాలంటీరు పని పోయింది, అందుకే మా ప్లాంటుకొచ్చారు.

నకలు పట్టుకుని వెళ్ళాను. మాస్టారు మండలాఫీసు వరండాలో చాప మీద కూర్చుని ఎవరికో పింఛను అర్జీ రాస్తున్నారు. కాగితాలు చాపితే అందుకోలేదు.

"నాకెందుకురా? నాకు తెలిసిందే గదా. తెలీనోళ్ళకియ్యి."

"ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉంటే..." అన్నాను. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

"సెప్తే నమ్ముదువా? నీకు తెర మీద అచ్చరం కావాల. నిన్ను ఆ అచ్చరాల్లోకి తోసింది నానే. సగం నేర్పి ఒగ్గీసినాను."

"క్షమించండి మాస్టారూ."

"నీ సమాపణ నానేటి సేసుకోను? నలబైమందికి పంపినావు గదా, ఆ నలబైమందికీ సదివి ఇనిపించు. పో."

లేవబోతూ, చిట్టెమ్మకు సంతకం ఎవరు నేర్పారని అడిగాను. కలం ఆపకుండానే, "ఇంకెవుడు నేర్పుతాడు" అన్నారు. తన మీద కేసు పెట్టిన మనిషికి, ఆ కేసు నడుస్తుండగానే.

తిరిగొచ్చాక గ్రూపులో పేజీలన్నీ పెట్టాను. ఎవరూ తెరవలేదు. అందుకని పార్వతి ఆంటీ తన ఫ్లాటులో అందరినీ భోజనానికి పిలిచారు, పదకొండు మంది వచ్చారు. నిలబడి చదివాను. మూడో పేజీలో గ్రూపు నడిపే ఆయన వాచీ చూసుకున్నాడు. "అప్పలరాజు గారూ, ఇప్పుడివన్నీ ఎందుకండీ, పిల్లల ఎగ్జామ్స్ టైమ్. మేమేమన్నా ఆయన్ని చెడ్డవారన్నామా? జస్ట్ కేర్‌ఫుల్‌గా ఉన్నాం."

"బొమ్మ చూడ్డానికి రెండు సెకన్లు ఇచ్చావు కదా. దీనికి ఇరవై నిమిషాలు ఇవ్వు" అన్నాను. ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. నలుగురు లేచి వెళ్ళిపోయారు. ఏడుగురికి ఆఖరి పేజీ దాకా చదివాను. నలభైలో ఏడుగురు. తక్కిన ముప్పైముగ్గురి ఫోన్లలోంచే నిన్న ఆ సున్నా మళ్ళీ నా దగ్గరికి వచ్చి ఉంటుంది.

సాయం చేసినవాళ్ళకు పేరుపేరునా దండం. నా వాక్యాన్ని కొట్టెయ్యకుండా ఉంచిన గౌరి గారికి. అడక్కుండానే పక్క కట్ట కూడా దించిన సూరయ్య గారికి. బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పిన చిట్టెమ్మ గారికి. ఒళ్ళు ఏదని అడిగిన పార్వతి ఆంటీకి. మాస్టారికి చెప్పను, ఆయన తీసుకోరు.

మిగిలినవాళ్ళ పేర్లు కూడా నాకు తెలుసు. కుర్చీ చూపించినావిడ పేరు, బ్యాంకాయన పేరు, వాచీ చూసుకున్నాయన పేరు. ఇది రాస్తూ రెండుసార్లు ఆ మూడు పేర్లూ రాసి కొట్టేశాను. కోపం తగ్గి కాదు. వట్టి పేరు రాసి జనంలోకి వదిలితే ఏమవుతుందో ఒకసారి చేసి చూశాను. వాళ్ళ కథ నేను ఆఖరి పేజీ దాకా చదవలేదు. మా నలుగురిలో నేను పూర్తిగా చదివింది ఒక్కడి కథే, నాది. ఆ బొమ్మ చేసింది బోని అప్పలరాజు. అడుగు వరుస కత్తిరించింది కూడా వాడే.