సముద్రం మీద వెళ్లేవారి వరుసలో రాణి

పోయిన శనివారం సెయింట్ పియర్‌లో మా ఇంటి భజన ముగుస్తుండగా, బడిలో తెలుగు నేర్చుకుంటున్న మనవరాలు నా చెవి దగ్గరికి వచ్చి, "నానమ్మా, దీవెనలు మొదలుపెట్టేముందు అందరూ ఎందుకు ఆగిపోతారు? మర్చిపోయారా?" అని అడిగింది. ఆ ఆగడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, దాన్ని ఎవరైనా గమనిస్తారని కూడా అనుకోలేదు.

మా మామగారు భజన గురువు. చివర్లో దీపం ముందు నిలబడి దీవెనలు ఒక వరుసలో అడిగేవారు. ముందు ఏలేవారికి, తర్వాత ఊరికి, రోగులకు, ఆఖరున సముద్రం మీద వెళ్లేవారికి. చెరకు తోటల్లో పనికి ఈ దీవికి ఓడలో వచ్చిన మా పెద్దలు పెట్టిన వరుస అది. అందులో ఒక్క మాట మార్చినా పాపమని ఆయన నమ్మకం, నాదీ అదే. అప్పట్లో మా దీవిని ఏలేవారంటే ఇంగ్లండు రాణి. ఆ ఇంట్లో మా పుట్టింటివాళ్ల పేర్లకంటే ఆమె పేరే ఎక్కువగా వినిపించేది.

దీవికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు, రాజధాని పోర్ట్ లూయిస్‌లో జెండా ఎగరేసే మధ్యాహ్నం వేళకే మేమూ భజన పెట్టుకున్నాం. పొద్దున్నే మా ఆయన మద్దెల బిగిస్తూ, "నాన్నా, ఇవాళ రాణి పేరెత్తావంటే మద్దెల కిందపెట్టి వెళ్లిపోతా. మళ్లీ ముట్టను," అన్నారు.

"మరి ఎవరి పేరు చెప్పను? నీ పేరా?" అన్నారు మామగారు.

అత్తగారు పిండి కలుపుతూ, "రేపు కూడా డబ్బుల మీద ఆమె బొమ్మే ఉంటుందంట. ఆయో, వెళ్లిపోయిన మనిషికి నా కొంగుముడిలో ఏం పని?" అన్నారు. నాకు అంతా అయోమయమే. మేం పాడబోయేది రాముడి పట్టాభిషేకం. ఏలేవారు వద్దన్న రోజున ఆ రాజును ఎలా పాడాలి?

హారతి వెలిగింది. మామగారు నోరు తెరిచి ఆగిపోయారు. మా ఆయన చేతులు మద్దెల మీంచి లేచాయి. పక్కింటి రేడియోలో జనం కేకలు. పళ్లెంలో కర్పూరం సగమైంది. అప్పుడాయన మొదటి చోటు ఖాళీగా వదిలేసి ఊరి పేరు చెప్పారు, రోగుల పేర్లు చెప్పారు. సముద్రం మీద వెళ్లేవారి దగ్గరికి వచ్చాక, "రాణమ్మ, ఆమె మనుషులు అందరూ క్షేమంగా ఇల్లు చేరాలి," అన్నారు. మా ఆయన లేస్తారేమోనని అటే చూశాను. ఆయన కాసేపు తండ్రిని చూసి, మెల్లగా దరువు అందుకున్నారు.

ఆ రోజు నుంచి ప్రతి భజనలో ఆ మొదటి చోట ఆగుతూ వచ్చాం; అక్కడ ఎవరిని పెట్టాలో మామగారిని తర్వాత అడుగుదామనుకున్నాం. అడగకుండానే మామగారూ పోయారు, మా ఆయనా పోయారు. "మర్చిపోలేదమ్మా, ఇంకా ఆలోచిస్తున్నాం," అన్నాను మనవరాలితో. ఒక్క మధ్యాహ్నం వదిలిన ఖాళీలో నా జీవితమంతా పట్టింది, అయినా అది నిండలేదు.