కళ్ళంలోకి బూట్లతో

మా మధురవాడ అపార్టుమెంట్లలో రిటైరైనవాళ్ళం నెలకోసారి కలుస్తాం. ఈసారి తలా ఒక సేద్యపు మాట గురించి చెప్పాలనుకున్నాం. నేను ‘కళ్ళం’ తీసుకుని, ఎప్పటిలాగే డైరీలో పద్ధతిగా రాసుకున్నాను.

కోసిన పంటను తెచ్చి నూర్చే చోటు కళ్ళం. నేల చదును చేసి, గట్టిగా తొక్కి, పేడతో అలుకుతారు. ‘కళ్ళంలోనే అమ్మేశాడు’ అంటే గింజ ఇల్లు చేరకముందే అమ్మేశాడని. సంస్కృతంలో ఖలం, తమిళంలో కళం, కన్నడంలో కణ. ఎవరిది ఎవరు తీసుకున్నారో నాకు తేలలేదు, తేలలేదనే రాశాను. చివర మా అమ్మ మాట చేర్చాను: కళ్ళంలోకి చెప్పులతో రాకూడదు.

సమావేశం రోజు పొద్దున్నే ఇది రాయడం ముగించి, నీళ్ళ ట్యాంకులు చూడటానికి మేడెక్కాను. అసోసియేషన్ కార్యదర్శిని నేనే. వాచ్‌మన్ భార్య ఓ మూల శుభ్రంగా కడిగి, చుట్టూ ముగ్గు గీత గీసి, ఊరినుంచి తెచ్చిన చోడి వెన్నులు పరిచి కర్రతో కొడుతోంది. రాగుల్ని మావైపు చోళ్ళంటాం. ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు బూట్లతో తిరిగినవాణ్ణి. అలాగే గీత దాటాను.

“బాబూ, జోళ్ళిప్పీండి. కల్లం.”

“కళ్ళమేంటమ్మా, ఇది మేడ. ఇక్కడేవీ ఆరబెట్టకూడదని నోటీసు పెట్టాను కదా.”

“ఏడాది గింజ బాబూ. సాయంత్రానికి తీసెత్తాను.”

“ఒకరికి ఒప్పుకుంటే అందరూ మొదలెడతారు. ఇప్పుడే తీసెయ్.”

ఆమె నా మొహం చూడలేదు, నా బూట్లే చూసింది. తర్వాత వంగి వెన్నులు గోనెలోకి ఎత్తడం మొదలుపెట్టింది.

సాయంత్రం సమావేశంలో చదివాను. అమ్మ మాట దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను.

మర్నాడు డైరీ తెరిస్తే ఎడమ పేజీ చివర అమ్మ మాట ఉంది. కుడి పేజీలో మొదటి వాక్యం: ‘మేడ మీద చోళ్ళు తీయించాను. నియమం అమలైంది.’ రెండూ నా చేతిరాతే. రెంటికీ మధ్య ఒక రాత్రి కూడా లేదు.

దిగి వెతికాను. ఆమె గేటు పక్కన, రోడ్డు అంచున టార్పాలిన్ మీద చోళ్ళు చెరుగుతోంది. బైకులు దుమ్ము లేపుతూ పోతున్నాయి. అంచు దగ్గరే బూట్లు విప్పాను.

“ఏసుకోండి బాబూ, కాళ్ళు కాల్తాయి. ఇది రోడ్డు.”

“మేడ మీదికి తీసుకెళ్ళమ్మా. నాదే తప్పు.”

“కొట్టీసినాను బాబూ. అయిపోనాది.”

చేతిలో బూటు తిప్పాను. అడుగున గాట్లలో నిన్నటి గింజలు ఇరుక్కుని ఉన్నాయి. గోటితో తీసి ఆమె చేటలో వెయ్యబోయాను. ఆమె చేట పక్కకు జరిపింది, కోపంగా కాదు.

“జోడు తొక్కినయ్యి కదా బాబూ. పిట్టలకెయ్యండి.”