మా జువాలజీ సారు కత్తిరించిన దండ

మా ఇంటి పైభాగంలో కిరాయికి ఉండే జువాలజీ సారు పోయిన మంగళవారం పొద్దున గుండె ఆగి చనిపోయాడు. కాలేజీకి పోదామని మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్న మనిషి మళ్ళీ లేవలేదు. మెదక్‌లో నాకు తెలిసిన ప్రతి ఒక్కరి ఆరోగ్యం గురించీ నేను బెంగ పెట్టుకున్నాను. ఆయన గురించి మాత్రం ఎన్నడూ పెట్టుకోలేదు. అందుకే పోయాడేమోనని ఇప్పుడు కొత్త బెంగ.

నేను మూడో తరగతి దాటలేదు. అయినా సారు ప్రతి కొత్త పాఠం ముందు నాకు చెప్పి చూసుకునేవాడు. నేను ఆకుకూర తుంచుతుంటే ఎదురుగా పీట వేసుకుని, చాయ్ చల్లారేదాకా చెప్పి, ఆ చల్లారిన చాయే తాగి పోయేవాడు. "మీకు భయమైందంటే పాఠం మంచిగ అర్థమైనట్టే, పెద్దమ్మా" అనేవాడు. తల తెగినా బొద్దింక కొన్నాళ్ళు బతుకుతుందని చెప్పిన వారమంతా నేను వంటింట్లో లైటు ఆర్పలేదు.

తెలంగాణ సమ్మెలో బస్సులు బందైన రోజుల్లో మా మనవరాలు ఇంకా చంటిది. దగ్గు తగ్గకపోతే దవాఖానలో ఎక్స్‌రే తీశారు. గుండె పక్కన తెల్లటి నీడ కనబడింది. "పసిపిల్లలకు గిట్లనే ఉంటది, ఏం కాదు. మనసొప్పకుంటె హైదరాబాదుల పిల్లల డాక్టరుకు జర చూపియ్యండ్రి" అంది డాక్టరమ్మ. నాకు హైదరాబాదు ఒక్కటే వినబడింది. నా కొడుకు కారు దొరుకుతుందేమోనని ఊరంతా తిరుగుతున్నాడు. నేను ఏడుపాయల దుర్గమ్మకు దండ మొక్కుకుని, వాకిట్లో కూర్చుని బంతులు, చామంతులు, కనకాంబరాలు వరుసగా గుచ్చుతూ ఏడుస్తున్నాను.

సమ్మె శిబిరం నుంచి వచ్చిన సారు ఎక్స్‌రేను ఎండకు పట్టి చూశాడు.

"నేను పాఠం చెప్పేటోన్ని, డాక్టర్ని కాదు. గని డాక్టరమ్మ చెప్పింది నిజమే. గిది థైమస్ గ్రంథి. రోగాలతోటి కొట్లాడే కణాల బడి అనుకోండ్రి."

"బడి గింత పెద్దగెందుకు సారూ?"

"పిల్లలు మస్తుమంది. కత్తెర ఉన్నదా?"

ఇచ్చాను. నా ఒళ్ళోని దండ అందుకున్నాడు. "కణంల జన్యువుల ముక్కలు గిట్ల వరుసగుంటయి. గిక్కడొక చామంతి, గక్కడొక కనకాంబరం కలుపుకుంటది. నడుమున్నవి పారేస్తది" అంటూ దండను రెండుచోట్ల కోసి, నడిమి పూలు కింద పడేసి, కొసలు ముడేశాడు. ఆ తర్వాత ఒక బంతిని తెచ్చి దాని ముందు కలిపాడు.

"అది దుర్గమ్మ దండ, సారూ."

సారు కత్తెర గబుక్కున కింద పెట్టాడు. "ముందుగాల చెప్పొద్దా?"

"మీరడిగిన్రా?"

అయినా పాఠం ఆపలేదు. ఏ కణం ఏ ముక్కలు కలుపుకుంటుందో లెక్కాపత్రం లేదట. అందుకే ఒక్కో కణానికి క్రిమిని పట్టుకునే చెయ్యి ఒక్కో తీరుగా వస్తుందట.

"ఏ క్రిమి వస్తదో గా కణాలకెవరు చెప్పిన్రు?" అన్నాను.

"ఎవ్వరు చెప్పలే. ఇంకా పుట్టని క్రిమికి సుత చెయ్యి తయారుంటది. గవి అచ్చం మీ లెక్కనే, పెద్దమ్మా. రాని కష్టానికి ముందుగాల్నే తయారు."

నా బెంగను మెచ్చుకున్న మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను.

"మరి గా చెయ్యి ఇంట్లోళ్ళనే పట్టుకుంటే?"

"అందుకే బడిల పరీక్ష పెడ్తరు. సొంతోళ్ళను కొట్టేటియి చాలామటుకు గక్కడ్నే చస్తయి. పాసయ్యేటియి మస్తు తక్కువ. మా కాలేజే నయం."

"నా బడెట్లున్నది సారూ?"

"మీ ఈడుకు కొవ్వు పట్టి శానా మటుకు మూతబడ్తది. గని చదువుకున్నోళ్ళు ఒళ్ళంత తిరుగుతనే ఉంటరు. పరేషాన్ గాకుండ్రి."

సాయంత్రం పూలు కొనుక్కొచ్చి తనే దండ గుచ్చాడు. ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి దుర్గమ్మకు గుచ్చిన ఆ దండ ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. అమ్మవారు ఏమనుకుంటుందోనని భయపడుతూనే కొడుకు బండి మీద ఏడుపాయలకు తీసుకుపోయి వేశాను. బస్సులు నడిచాక హైదరాబాదు డాక్టరు కూడా ఎక్స్‌రే చూసి అదే మాట చెప్పాడు. అప్పటికి పిల్లకు దగ్గే లేదు.

మొన్న సమాధుల దగ్గర అందరితోపాటు ఇప్పుడు మూడేళ్ళున్న మా మనవరాలు కూడా సారుకు పిడికెడు మట్టి వేసింది. వేసి, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంది. కొట్టడానికి నా చెయ్యి లేచింది. కోడలు నావైపు చూసింది. ఇంకా పుట్టని క్రిమికి కూడా చెయ్యి తయారుంటుందన్న సారు మాట గుర్తొచ్చి, నా చెయ్యి దించుకున్నాను. పిల్ల మట్టివేళ్ళు ఒక్కొక్కటే చప్పరిస్తూ, గుంత నిండేదాకా అక్కడే నిలబడింది.